కొత్త జట్టు తొలి సీజన్‌కి ఖాతా రాసుకోవడం ఎలా

పర్లాకిమిడిలో మా ఇళ్లల్లో తెలుగే. కానీ బడి ఒడియా బడి కాబట్టి నోటుపుస్తకాన్ని మేం ఖాతా అనే అంటాం. సరిహద్దు దాటి పాతపట్నంలో "ఒక ఖాతా ఇవ్వండి" అని అడిగితే, అప్పు పెట్టమంటున్నానేమోనని కొట్టాయన మొహం అదోలా పెడతాడు. నేను చెప్పబోయే ఖాతాకి ఆ రెండర్థాలూ సరిపోతాయి లెండి. అది నోటుపుస్తకమూ అవును, ఒక జట్టు మొదటి ఏడాదిలో ఎవరి దగ్గర ఏం తీసుకుంది, తర్వాత ఎవరికి ఏం తీర్చింది అన్న లెక్కా అవును.

నాది జెరాక్సు, బైండింగు కొట్టు. ఆదివారాలూ సెలవులూ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకి స్కోరర్‌గా బల్ల దగ్గర కూర్చుంటాను. ఆ పని నేర్పింది మా అన్నయ్య, డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఒకసారి స్కోరర్ రాకపోతే "నీ రాత బాగుంటుంది కదా, కూచో" అని కూర్చోబెట్టాడు. అలా కూర్చున్నదాన్ని పద్దెనిమిదేళ్లుగా లేవలేదు. మా వీధి గుంటలు పోయినేడు సొంతంగా ఓ జట్టు కట్టారు. పదకొండు మ్యాచ్‌లాడి రెండు గెలిచారు. ఆఖరి ఓటమి తర్వాత నా కొట్లో బల్ల చుట్టూ చేరి, ముఢిలో (మరమరాల్లో) ఘుగుని (బఠాణీ కూర) కలుపుకుంటూ ఎవరూ మాట్లాడకుండా కూర్చుంటే, పై అరలోంచి ఒక పాత ఖాతా తీసి వాళ్ల ముందు పడేశాను. అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు మిల్వాకీ బక్స్, 1968–69. 82 ఆటలు, 27 గెలుపులు, 55 ఓటములు.

"ఏటి పిన్నీ, ఈళ్ళు కూడా మనలాగే ఓడిపోనారా?"

"పేజీలు తిప్పు."

తిప్పితే 1970–71 వస్తుంది. 66 గెలుపులు, 16 ఓటములు, లీగ్ ఛాంపియన్లు. పుట్టిన మూడో ఏటికే. అప్పటినుంచి ఒక్కొక్కడూ వచ్చి "నాకూ ఒక ఖాతా కుట్టియ్యి పిన్నీ, ఎలా రాయాలో సెప్పు" అంటున్నాడు. ఒక్కొక్కడికీ మొదట్నుంచీ చెప్పే ఓపిక లేక ఇలా రాసి పెడుతున్నాను.

మొదట జట్టుని ఎంచుకోవాలి. అందరూ గెలిచిన ఏడాదినే ఎంచుకుంటారు, అక్కడే పప్పులో కాలేస్తారు. గెలిచిన ఏడాది గురించి రాసినవాళ్లు కోకొల్లలు, మీరు కొత్తగా కనిపెట్టేదేం ఉండదు. పుట్టిన ఏడాది తీసుకోండి. ఇంకో మాట, దానికి ఒక జోడీ చూసుకోండి. అదే ఏడాది పుట్టిన ఇంకో జట్టు ఉంటే పక్కన పెట్టి కొలవొచ్చు. బక్స్‌కి అలాంటి కవల ఫీనిక్స్ సన్స్. రెండూ 1968లోనే అమెరికా వాళ్ల పెద్ద లీగ్ ఎన్‌బీఏలోకి వచ్చాయి, పన్నెండు జట్ల లీగ్ పద్నాలుగైంది. బక్స్ అంటే మగ దుప్పులు, సన్స్ అంటే సూర్యులు. మా గుంటలకి ఇవే పేర్లు ఖాయమైపోయాయి, "దుప్పులోళ్ళు", "సూర్యులోళ్ళు". మీరూ ఏదో ఒక పేరు పెట్టుకోండి. పరాయి పేరుతో చదివితే అంకెలు పరాయిగానే ఉండిపోతాయి.

ఇక ఖాతా. బజార్లో గీతలు కొట్టి అమ్మేది పనికిరాదు, పేజీకి ముప్ఫై చిల్లర గీతలుంటాయి, సీజన్ మధ్యలో తెగిపోతుంది. తెల్ల ఫుల్‌స్కేప్ కాగితాలు తీసుకుని పేజీకి 41 గీతలు మీరే కొట్టుకోండి. ఎదురెదురు పేజీలు కలిస్తే 82, ఒక సీజన్ మొత్తం పుస్తకం తెరవగానే ఒక్క చూపులో కనపడుతుంది. ఈ ఒక్క చూపు కోసమే అంత శ్రమ. కుట్టేటప్పుడు మధ్యలో ఎక్కువ లాగి బిగించకండి, పుస్తకం పూర్తిగా పరుచుకోదు, మడతలో అంకెలు మింగేస్తుంది. జిగురు మైదాతో కాచుకుంటే చాలు గానీ చిటికెడు మైలుతుత్తం వెయ్యడం మరిచిపోవద్దు. మహేంద్రతనయ ఒడ్డు ఊరు, వానాకాలంలో ఇక్కడి చెమ్మకి పురుగు పుస్తకాన్ని రెండేళ్లలో తినేస్తుంది. నా దగ్గర అలా పోయిన ఖాతా ఒకటుంది, దాని సంగతి తల్చుకోను.

గళ్లు ఇవి: ఆట నంబరు, తేదీ, ఇంట ఆడారా బయట ఆడారా, ఎదుటి జట్టు, మన పాయింట్లు, వాళ్ల పాయింట్లు, తేడా, అప్పటికి గెలుపు–ఓటముల మొత్తం. వీటి పక్కన రెండు వేళ్ల వెడల్పు ఖాళీ, దాని పేరు "ఆ రోజు". మొదటి వరస నా ఖాతాలో ఇలా ఉంది:

1 – 16.10.68 – ఇంట – షికాగో బుల్స్ – 84 – 89 – ఐదు తక్కువ – 0–1

"ఆ రోజు" గడిలో రెండు ముక్కలున్నాయి. ఒకటి, జనం 8,467. రెండోది, అదే తేదీన మెక్సికో ఒలింపిక్స్‌లో అమెరికా పరుగు వీరులు టామీ స్మిత్, జాన్ కార్లోస్ పతకాల గద్దె మీద నిలబడి, జాతి వివక్షకి నిరసనగా నల్ల తొడుగుల పిడికిళ్లు పైకెత్తారు. దీనికీ బాస్కెట్‌బాల్‌కీ ఏం సంబంధం అని అడిగాడు మా చిన్నోడు. ఉంది. అదే కారణంగా ఆ ఒలింపిక్స్‌కి వెళ్లనని అంతకుముందే చెప్పేసిన కాలేజీ కుర్రాడొకడు ఉన్నాడు, పేరు లూ ఆల్సిండార్. అతని పేరు ఇదే ఖాతాలో కొన్ని పేజీల తర్వాత వస్తుంది. ఈ గడి ఖాళీగా పోతున్నా ఫర్వాలేదు, తీసెయ్యొద్దు.

గెలుపుకో రంగు, ఓటమికో రంగు వాడొద్దు. మొదట్లో నేనూ ఓటమికి ఎర్ర పెన్ను వాడాను. కొత్త జట్టు పేజీ కదా, మొత్తం కుంకం చల్లినట్టు అయిపోయింది, ఎర్రదనం తప్ప ఏ అంకే కంటికి ఆనలేదు. ఒకే నీలం పెన్ను, ఒకే సైజు రాత. తేడా గడి ఒక్కటి మాత్రం పెన్సిల్‌తో రాసి, పది లోపు తేడాతో ఓడిన వాటికి చిన్న చుక్క పెట్టండి. సీజన్ అయ్యాక చుక్కలు ఎక్కడ గుమిగూడాయో చూడండి. ఆట నేర్చుకుంటున్న జట్టుకి చుక్కలు సీజన్ చివరికి వచ్చేకొద్దీ చిక్కనవుతాయి. మా గుంటల పదకొండు మ్యాచ్‌లలో చుక్కలు నాలుగు, నాలుగూ చివరి ఆరింటిలోనే. ఆ సంగతి వాళ్లకి తెలీదు, నేను చూపించేదాకా.

బక్స్ తొలి ఐదు ఆటలూ ఓడిపోయారు. ఆరోది అక్టోబరు 31న డెట్రాయిట్ పిస్టన్స్ మీద 134–118. మొదటి గెలుపే పదహారు పాయింట్ల తేడాతో! పదహారు రోజుల్లో ఆరో ఆట అది. ఈ వరసకి మా వాళ్లు ప్రతిసారీ వేలితో తడుముతారు, కాగితం నలుపెక్కింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాత స్కోరు పట్టికలు చూసి "బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ని ఆపడం) ఎన్ని, స్టీల్స్ (బంతి లాక్కోవడం) ఎన్ని" అని వెతక్కండి. ఎన్‌బీఏ వాటిని లెక్క పెట్టడం మొదలుపెట్టింది 1973–74 నుంచి. రీబౌండ్లని, అంటే బుట్టలో పడక తిరిగొచ్చిన బంతిని పట్టుకోవడాల్ని, సొంత బోర్డు కిందవి, ఎదుటి బోర్డు కిందవి అని విడదీసిందీ అప్పుడే. మూడు పాయింట్ల గీత అయితే 1979–80 దాకా లేనే లేదు. ఎంత దూరం నుంచి వేసినా రెండే. కాబట్టి 1968 ఖాతాలో ఈ గళ్లు గీసి సున్నాలు పెట్టకండి, సున్నా వేరు, రాయకపోవడం వేరు. స్కోరర్ బల్ల దగ్గర కూర్చునే దాన్ని, ఈ తేడా తెలిసిన దాన్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను. లెక్క పెట్టనంత మాత్రాన ఆ షాట్లు ఆగకుండా పోలేదు.

ఇంకోటి. వాళ్ల ఆట 48 నిమిషాలు, మనం ఆడే ఫిబా ఆట, అంటే అంతర్జాతీయ సమాఖ్య రూళ్ల ఆట, 40. వాళ్ల స్కోరు చూసి గుండెలు బాదుకోకుండా, ఐదుతో గుణించి ఆరుతో భాగించండి. 1970–71లో బక్స్ ఆటకి సగటున 118.4 పాయింట్లు వేశారు. మన నిమిషాల్లో అది దాదాపు 99. అయినా మా గుంటలకి అందదనుకోండి, వాళ్ల అత్యధికం 58.

సరిచూసుకోవడం ఎలాగో చెప్పేముందు నా తప్పొకటి చెప్పాలి. పోయినేడు మా ఊళ్లోనే మ్యాచ్. రెండో క్వార్టర్ మొదలవుతోంది. మన షీటు మీద ఒకటీ మూడూ క్వార్టర్లు ఎర్ర పెన్ను, రెండూ నాలుగూ నీలం. ఎర్రది మూత పెడుతున్నాను, నీలందాని మూత బిగుసుకుపోయింది, పళ్లతో లాగుతున్నాను. ఆ క్షణంలో మా తొమ్మిదో నంబరువాడు మూల నుంచి వేశాడు. తలెత్తేసరికి బంతి వలలోంచి జారుతోంది. అడ్డగీత గీసి రెండు పాయింట్లు రాశాను. అది మూడు. మూడైతే గీత గీసి నంబరు చుట్టూ సున్నా చుట్టాలి. రిఫరీ మూడు వేళ్లు చూపించి ఉంటాడు, నేను చూళ్లేదు. పక్కన కూర్చున్న అసిస్టెంటు స్కోరర్ నా మాటనే నమ్ముకుని బోర్డు మీద తిప్పాడు. మ్యాచ్ 41–42తో ఓడిపోయాం. అదనపు సమయం ఆడాల్సిన మ్యాచ్.

రాత్రి ఖాతాలోకి ఎక్కించేటప్పుడు క్వార్టర్ల మొత్తం సరిపోయింది, ఆటగాళ్ల మొత్తం సరిపోయింది. సరిపోదా మరి, రెండూ నేను రాసిన తప్పులోంచి పుట్టినవే! ఒక గుంటడి మావయ్య ఫోన్లో తీసిన వీడియో రెండ్రోజుల తర్వాత చూస్తే గానీ బయటపడలేదు. అప్పటికి షీటు మీద సంతకాలైపోయాయి, అభ్యంతరం చెప్పే గడువూ పోయింది. తొమ్మిదో నంబరువాడికి నేనే చెప్పాను. "పోనీలే పిన్నీ" అన్నాడు గానీ ఆ వారమంతా కొట్టువైపు రాలేదు.

అందుకే చెప్పేది, సరిచూడ్డం అంటే ఒకే చేతి రాతని రెండుసార్లు కూడడం కాదు, వేరే చేతి రాతతో పోల్చడం. ఆటల ఫలితాలు ఒకచోట నుంచి ఎక్కిస్తే, ఆటగాళ్ల సీజన్ మొత్తాలు ఇంకోచోట నుంచి తీసుకోండి. ఎదుటి జట్టు ఖాతాలో అదే తేదీ ఆట ఉందా, అంకెలు తిరగబడి సరిపోయాయా చూడండి. కవల జట్టు ఖాతా ఉంటే ఇక్కడ సగం పని తేలిక, వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు ఆడినవన్నీ రెండుచోట్లా ఉంటాయి కదా. చివర్న మొత్తం మొత్తాలు. మూడు సీజన్లలో బక్స్ గెలుపులు 27, 56, 66 కలిపితే 149. ఓటములు 55, 26, 16 కలిపితే 97. రెండూ కలిసి 246 రావాలి, మూడు ఎనభైరెళ్లు. వచ్చింది.

మన సొంత మ్యాచ్‌లకైతే ఇంకో కష్టం ఉంది, కాగితం చేతికి రాదు. పోయినేడు ఒక టోర్నమెంటులో నిర్వాహకులు ఓడినవాళ్లకి షీటు కాపీ ఎందుకన్నారు. రెండు మ్యాచ్‌ల వరసలు మా ఖాతాలో ఇప్పటికీ బోసిగా ఉన్నాయి, ఆఖరి స్కోరు తప్ప ఏమీ లేదు. సంతకాలు పెట్టే ముందే కెప్టెన్ ఫోన్‌తో ఫోటో తీసుకోవాలని ఇప్పుడు రూలు పెట్టుకున్నాం.

ఇంటా బయటా గడి గురించి కాస్త. ఎన్‌బీఏ ఆ రోజుల్లో కొన్ని ఆటలు ఇరు జట్లకీ కాని మూడో ఊళ్లో కూడా ఆడించేది. దానికి "నడుమ" అని ఇంకో గుర్తు పెట్టుకోండి, లేకపోతే లెక్క కుదరదు. గెలిచిన ఏడాది బక్స్ లెక్క ఇంట 34–2, బయట 28–13, నడుమ 4–1. నేను మొదట నడుమవి ఇంటిలో కలిపేసి రెండు రాత్రులు తల పట్టుకున్నాను.

ఏ ఊరికి ఎంత దూరమో కూడా రాయాలి. దీనికి మయామీ హీట్‌ని మించిన పాఠం లేదు. 1988–89లో పుట్టిన ఆ జట్టు అమెరికాకి ఆగ్నేయపు అంచున, సముద్రం ఒడ్డున ఉంటుంది. లీగ్ వాళ్లని తీసుకెళ్లి డెన్వర్, యూటా, డాలస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియోలున్న మిడ్‌వెస్ట్ విభాగంలో పడేసింది. పర్లాకిమిడి జట్టుకి మ్యాచ్‌లన్నీ ఎక్కడో దూరాన ఉన్న సంబల్‌పూర్ వాళ్లతో పెట్టినట్టు. వరసగా 17 ఓడిపోయి, డిసెంబరు 14న క్లిప్పర్స్ మీద 89–88తో మొదటిది గెలిచారు. సీజన్ ముగిసేసరికి 15–67. ఓటములన్నీ ప్రయాణం వల్లే అనను, జట్టూ అంతంతమాత్రమే. కానీ దూరం గడి లేకుండా ఆ పేజీని చదివితే ఆ కుర్రాళ్లకి అన్యాయం చేసినట్టే. మా వాళ్లు పొద్దున రైలెక్కి గుణుపూర్ వెళ్లి ఆడినప్పుడు బాగానే ఆడారు. ఘాట్ రోడ్డు మీద బస్సులో రాయగడ వెళ్లిన రోజు ఇద్దరు వాంతులు చేసుకుని దిగి, అరగంటలో కోర్టులో ఉన్నారు. ఇరవై నాలుగు పాయింట్ల తేడా. ఆ వరసలో "ఘాట్" అని రాసి ఉంది, ఇంకేం రాయక్కర్లేదు.

మయామీతో పాటే పుట్టిన షార్లట్ హార్నెట్స్ 20–62. అయినా ఆ ఏడాది లీగ్ మొత్తంలో ఎక్కువ జనం వచ్చింది వాళ్ల ఆటలకే. జనం గడి అందుకే.

సొంత బుట్టలో వేసుకున్న బంతి రాయడం గురించి ఒక గుంటడు అడిగాడు, అడిగిందీ గుణుపూర్లో అలా వేసినవాడే. సిగ్గు పడకు, 1970–71లో కొత్తగా వచ్చిన క్లీవ్‌లాండ్ కావలియర్స్‌లో జాన్ వారెన్ అనేవాడు డిసెంబరు 9న పోర్ట్‌లాండ్ మీద నాలుగో క్వార్టర్ మొదట్లోనే తన బుట్టలో తనే వేశాడు. ఇంకా తమాషా ఏమిటంటే, పోర్ట్‌లాండ్ ఆటగాడు లెరాయ్ ఎల్లిస్ దాన్ని ఆపబోయాడు! తనకొచ్చే పాయింట్లని తనే. ఆ క్లీవ్‌లాండ్ వాళ్లు మొదటి 15 ఆటలూ ఓడారు, మొత్తమ్మీద 15–67. మన ఫిబా షీటులో అలాంటి బుట్ట ఎదుటి జట్టుకి వెళ్తుంది, కోర్టులో ఉన్న వాళ్ల కెప్టెన్ పేరు మీద రాయాలి. వేసినవాడి పేరు షీటులో ఎక్కడా ఉండదు. నీ పేరూ లేదు బాబూ, నేను చూసి చెబుతున్నాను.

ఇప్పుడు అసలు పేజీ. ఆటల వరసలయ్యాక ఒక పేజీ ఆటగాళ్లకి వదలండి. నాలుగే గళ్లు: పేరు, ఎక్కడి నుంచి వచ్చాడు, ఆ ఏడాది ఏం చేశాడు, తర్వాత. చివరిది వెడల్పుగా ఉంచండి. నేను మొదటిసారి ఇరుగ్గా గీసి బాధపడ్డాను.

"ఎక్కడి నుంచి" అన్నది కొత్త జట్టుకి ముఖ్యం, ఎందుకంటే కొత్త జట్టు అంటేనే పాత జట్లు వద్దనుకున్నవాళ్లు. పాత జట్లు తమకి కావలసినవాళ్లని అట్టే పెట్టుకుంటాయి, మిగిలినవాళ్లలోంచి కొత్తవాళ్లు ఏరుకోవాలి. దాన్నే విస్తరణ డ్రాఫ్ట్ అంటారు. జాన్ మెక్‌గ్లాక్లిన్ వరస చూడండి. 1967లో శాన్ డియాగో రాకెట్స్ పుట్టినప్పుడు సిన్సినాటీ రాయల్స్ అతన్ని వదిలేసింది. ఏడాది తిరక్కుండా బక్స్ పుట్టినప్పుడు శాన్ డియాగో వదిలేసింది. రెండేళ్లలో రెండుసార్లు వద్దనిపించుకున్నవాడు! 1968–69లో ఆటకి 19.6 పాయింట్లు వేసి లీగ్‌లోని మేటి ఆటగాళ్లాడే ఆల్‌స్టార్ ఆటకి వెళ్లాడు, ఆ ఏడు బక్స్ నుంచి వెళ్లింది అతనొక్కడే. వేన్ ఎంబ్రీ అంతకుముందు ఏడే బోస్టన్‌తో ఛాంపియన్, కాళ్లు అలిసిన సెంటర్, ఆ సీజన్‌తో ఆట మానేశాడు. గై రాడ్జర్స్ సిన్సినాటీ నుంచి. ఫ్లిన్ రాబిన్సన్‌ని సీజన్ మొదలయ్యాక షికాగో నుంచి మార్పిడిలో తెచ్చుకున్నారు, జట్టులో ఎక్కువ పాయింట్లు అతనివే, ఆటకి ఇరవై. గ్రెగ్ స్మిత్ ఆ ఏడాదే కాలేజీ నుంచి వచ్చిన పిల్లాడు. చార్లీ పాల్క్, జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే మామూలు డ్రాఫ్ట్‌లో బక్స్ తీసుకున్న మొట్టమొదటి ఆటగాడు, కానీ ఆడింది తక్కువే. కోచ్ లారీ కాస్టెల్లో.

ఈ పేజీ రాశాకే నాణెం కథ రాయండి, ముందు రాయొద్దు. అందరికీ తెలిసింది నాణెమే, అది ముందొస్తే మిగతాదంతా మింగేస్తుంది. సీజన్ ముగిసేసరికి తూర్పు విభాగంలో అడుగున బక్స్, పడమటి విభాగంలో అడుగున సన్స్, 16–66తో. మొదటి డ్రాఫ్ట్ అవకాశం ఆ ఇద్దరిలో ఎవరిదో తేల్చడానికి 1969 మార్చి 19న కమిషనర్ వాల్టర్ కెనెడీ నాణెం ఎగరేశాడు. పందెం మీదున్నది లూ ఆల్సిండార్, ఏడడుగుల రెండంగుళాలు, తర్వాత కరీమ్ అబ్దుల్ జబ్బార్ అయినవాడు. రెండు ఊళ్ల వాళ్లూ ఫోన్లో వింటున్నారు. కోరుకునే హక్కు ఫీనిక్స్‌ది, వాళ్లు అభిమానుల్ని ఓటడిగారు, బొమ్మ అన్నారు జనం. బొరుసు పడింది. మిల్వాకీ ఆఫీసులో సంతోషం పట్టలేక యజమాని ఒకాయన ఇంకొకాయన్ని కావిలించుకోబోయి చేతిలోని సిగరెట్టుతో ఆయన చెవి కాల్చాడని చెబుతారు.

ఇది విని మా వాళ్లు "అంతా అదృష్టం" అని తేల్చేశారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఫీనిక్స్ ఖాతా తియ్యమన్నాను. నాణెం ఓడినవాళ్లు మరుసటి ఏడు 16 నుంచి 39కి వచ్చారు, ఆ తర్వాత 48. అదే వేసవిలో కాన్నీ హాకిన్స్ అనే ఆటగాడి కోసం సియాటిల్‌తో ఇంకో నాణెం వేసి అది గెలిచారు. సరే, అదీ నాణెమే, ఒప్పుకుంటాను. కానీ ఆల్సిండార్ వచ్చిన మొదటి ఏడు బక్స్ 56–26 దాకా వెళ్లి న్యూయార్క్ చేతిలో ఓడారు. ఛాంపియన్లు అయింది ఆ తర్వాతి ఏడు. మధ్యలో ఏం చేశారో "తర్వాత" గడి చెబుతుంది.

ఫ్లిన్ రాబిన్సన్, తర్వాత: 1970 ఏప్రిల్లో సిన్సినాటీకి, ఆస్కార్ రాబర్ట్‌సన్‌కి బదులుగా. చార్లీ పాల్క్, తర్వాత: అదే మార్పిడిలో. అంటే 27–55 ఏడాదిలో ఎక్కువ పాయింట్లు వేసినవాడూ, మొదటి డ్రాఫ్ట్ పిల్లాడూ కలిసి ఆస్కార్ అయ్యారు. ఆట కట్టడంలో అతన్ని మించినవాడు అప్పటికి లేడు. గ్రెగ్ స్మిత్, తర్వాత: 1971 ఫైనల్లో మొదటి ఐదుగురిలో ఒకడు. మెక్‌గ్లాక్లిన్, తర్వాత: అతనూ ఆ ఐదుగురిలో. కాస్టెల్లో, తర్వాత: అదే కోచ్. ఆ ఫైనల్లో బాల్టిమోర్‌ని నాలుగుకి నాలుగూ ఓడించిన ఆ ఐదుగురిలో ఆల్సిండార్, ఆస్కార్, బాబ్ డాండ్రిడ్జ్ కొత్తవాళ్లు. మిగతా ఇద్దరూ, కోచూ మొదటి ఏడాది 55 ఓటముల్లోనూ ఉన్నవాళ్లు. నాణెం వాళ్లని తేలేదు.

రాబిన్సన్ వరస అక్కడితో ఆగలేదు. అతను 1971–72లో లాస్ ఏంజలెస్ లేకర్స్‌లో చేరాడు, ఆ జట్టు వరసగా 33 గెలిచింది. ఆ వరసని 1972 జనవరి 9న తెంపింది ఎవరనుకున్నారు, బక్స్. కానీ ఆ సీజన్ కప్పు లేకర్స్‌కే, రాబిన్సన్‌కీ. ఎంబ్రీ 1972లో బక్స్‌కి జనరల్ మేనేజరయ్యాడు, ఎన్‌బీఏలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి నల్లజాతీయుడు. అందుకే గడి వెడల్పుగా ఉంచమన్నాను. ఒక్కొక్కడికి బాణం గీసి మార్జిన్ దాకా పోవాల్సొస్తుంది.

ఈ గడిని సీజన్ కాగానే నింపకండి. మూడేళ్లు ఆగండి. పాత జట్టుకైతే మూడేళ్లు పేజీ తిప్పితే వచ్చేస్తాయి, మన జట్టుకి నిజంగానే ఆగాలి. పెన్సిల్ వాడండి.

మా గుంటల పేజీ కూడా ఇలాగే గీశాను. "ఎక్కడి నుంచి" గడిలో కాలేజీ జట్టు బెంచీ మీద కూర్చోబెట్టినవాళ్లు ముగ్గురు, పాతపట్నం నుంచి సైకిలు మీద వచ్చేవాడు ఒకడు, క్రికెట్లో చోటు దొరక్క వచ్చినవాళ్లిద్దరు. తెలుగు చదవడం రాని వాళ్లకోసం పేర్లు ఒడియాలో కూడా రాశాను. "తర్వాత" గడులన్నీ ఖాళీ, ఒక్కటి తప్ప. నాలుగో నంబరువాడు పండగ కాగానే సూరత్ మగ్గాల పనికి వెళ్లిపోయాడు. వాడి వరసలో "సూరత్" అని రాస్తుంటే పక్కనున్నవాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"పెన్సిల్తోనే కదా పిన్నీ?"

పెన్సిల్తోనే రాశాను. కొత్త సీజన్ దసరా వెళ్లాక. ఈసారి ఆ గడి మూడు వేళ్ల వెడల్పు ఇచ్చి రెండు ఖాతాలు కుట్టాను, బరువు పెట్టి ఉంచాను. ఈ చెమ్మకి జిగురు ఆరడానికి ఇంకో రెండ్రోజులు పట్టేలా ఉంది.